పదకొండు నుంచి పదహారు దాకా

జూన్ 3

మరదలికి,

ఫోన్‌లో నువ్వు ‘ఊఁ’ అంటావు, లేదంటే ‘ఆయన్ని అడిగి చెబుతాను’ అంటావు. ఆ రెండు మాటలతో నా పని సాగదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. చదివి జాగ్రత్త చెయ్యి. పోగొట్టి మళ్ళీ అడగకు.

నాన్న వెదురు తోటను నీ భర్త ఏం చెయ్యబోతున్నాడో నీకు తెలిసే ఉంటుంది. సెప్టెంబరు 30న గోడౌన్ కట్టేవాళ్ళకి సంతకం పెడతాడట. నాన్న నర్సరీ మేస్త్రిగా ఉన్నన్నాళ్ళూ ఎక్కడికి బదిలీ అయితే అక్కడి నుంచి ఒక దుంప తడి గోనెలో చుట్టి తెచ్చి నాటిన పొదలవి. ఇరవై నాలుగు చోట్ల నుంచి ఇరవై నాలుగు. వాటిని పడగొట్టి నేల చదును చెయ్యడానికి వాడికి ఒక పూట చాలు.

ఆపడానికి ఒకటే దారి. వెదురు జాతుల్లో, ఒకే జాతి పొదల్లో కూడా, జన్యువులు ఎంత వేరుగా ఉన్నాయో చూడటం మా ల్యాబులో నా పీహెచ్‌డీ పని. నాన్న తోటలో ఒకదానితో ఒకటి కలవని రకాలు కనీసం ఇరవై ఉన్నాయని నేను తేల్చితే, మా సంస్థ ఆ తోటను తన రక్షణలోకి తీసుకుంటుంది. మా ల్యాబు పెద్దాయన మాట ఇచ్చాడు. ‘ఇరవై తేల్చు, నేను తప్పుకుంటాను’ అని తమ్ముడు కూడా నాతో అన్నాడు. నవ్వుతూ అన్నాడు. తేల్చలేనని వాడి ధీమా.

నువ్వు చెయ్యాల్సింది ఇది. పొద్దున్నే, ఆకుల మీద తడి ఆరాక, ఒక్కో పొద నుంచి ఇంకా పూర్తిగా విచ్చుకోని లేత ఆకులు నాలుగు కొయ్యి. తడి దూదితో తుడువు. ముక్కలు చేసి కాగితం కవర్లో పెట్టు. ఆ కవరును నేను పంపిన జిప్ సంచిలో, నీలం పూసల మధ్య పెట్టి మూసెయ్యి. ఆ పూసలు తేమను పీల్చుకుంటాయి. గులాబీ రంగుకి తిరిగితే ఆకు పాడైనట్టే, పారేసి మళ్ళీ కొయ్యి. కవరు మీద పొద నంబరు పెన్సిల్‌తో రాయి. ఇంకు చెదిరిపోతుంది. ఒక పొద ఆకు ఇంకో పొద కవర్లో పడిందా, నా మూడేళ్ళ పని బూడిద.

ఇది నేను వచ్చి చేసుకోవాల్సిన పని. సెలవు లేదు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నీకు చెబుతున్నాను, నమ్మకం ఉండి కాదు.

నీ భర్తకు అక్క


జూన్ 12

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం, సంచులు అందాయి. ఫోన్‌లో మాట్లాడనందుకు ఏమీ అనుకోకండి. గొంతు ముందుకొస్తుంది, మాట వెనక్కి పోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇరవై నాలుగు కవర్లూ పంపుతున్నాను. మీరు చెప్పినట్టే కోశాను. రోజుకి ఆరు పొదల కంటే చెయ్యలేదు, కలిసిపోతాయని భయం. ఒక కవరు మూసి మామయ్య బల్ల మీద పెట్టాకే ఇంకో పొద దగ్గరికి వెళ్ళాను. పద్దెనిమిదో నంబరు పొదకి చీమలు పట్టి ఉంటే చెయ్యంతా కుట్టాయి, అందుకే ఆ కవర్లో ఆకులు మూడే ఉన్నాయి. తొమ్మిదో నంబరు పూసలు గులాబీ రంగుకి వస్తే ఆకు పారేసి మళ్ళీ కోశాను.

నూనె డబ్బా రేకులు కత్తిరించి, మేకుతో చిల్లులు పొడిచి మామయ్య వేలాడదీసిన నంబర్లు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పదకొండు నుంచి పదహారు దాకా పొదలు సన్నగా ఉన్నాయి. ఆకు మాత్రం లేతగా దొరికింది.

మీ తమ్ముడు గేటు దగ్గర నిలబడి, ‘మా అక్క నిన్ను కూడా ఉద్యోగంలో పెట్టుకుందా’ అని నవ్వారు. మీరు వేళకి తినండి.

మీ మరదలు


జూన్ 20

మరదలికి,

కవర్లు చేరాయి. పద్దెనిమిదికి మూడు ఆకులు చాలవు, ఇంకోసారి పంపాలి. పదకొండు నుంచి పదహారు సన్నగా ఎందుకున్నాయో నాకు తెలుసు. నాన్న కళ్ళు మూయగానే నీ భర్త కత్తి పట్టుకుని ఆ వరుస మీద పడి ఉంటాడు. నువ్వు అరుగు మీద కూర్చుని చూసి ఉంటావు.

అది సరే. కవరు తెరిచి నీ ఉత్తరం చూడగానే నాన్న పాత ఉత్తరం తీసి పక్కన పెట్టి చూశాను. అది నాన్న రాత. తలకట్టు పైకి ఎగరేసి కొసన చిన్న కొక్కెం తగిలించడం, ‘న’ పొట్టలో చుక్క పెట్టినట్టు కలం ఆపడం, అంతా నాన్నదే. ఆయన పోయి ఎనిమిది నెలలు. ఆ రాత నీ చేతిలో ఎందుకుంది? ఐదో తరగతితో బడి మానేసినదానివి, నా తండ్రి అక్షరాలు చూసి దిద్దుకుని నాకే పంపుతావా? వెక్కిరింత అయితే చాలా నీచమైన వెక్కిరింత. నన్ను మెత్తబరచడానికైతే ఇంకా నీచం.

నంబర్లు మాత్రం రాయి. మాటలు రాయకు.

నీ భర్తకు అక్క


జూన్ 27

వదినగారికి,

పద్దెనిమిదో నంబరు ఆకులు ఎనిమిది పంపుతున్నాను.

మాటలు రాయొద్దన్నారు కానీ ఒక్కదానికి జవాబు చెప్పకపోతే అన్నం దిగేలా లేదు. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నా రాత కోడి గెలికినట్టు ఉండేది. మామయ్య తన నర్సరీ నోటుబుక్కు ఇచ్చి, దాన్ని చూసి రోజుకో పేజీ దిద్దమన్నారు. మూడు నెలలు దిద్దాను. ఇప్పుడు నాకు వేరే రాత రాదు. పాత రాత గుర్తు తెచ్చుకుని రాద్దామని నిన్న ప్రయత్నించాను, చెయ్యి తిరగలేదు. వెక్కిరించడానికి కాదు.

మీ మరదలు


జులై 9

మరదలికి,

ఫలితం వచ్చింది. నీకు అర్థమయ్యేలా చెబుతాను, తరవాత అర్థం కాలేదని నీళ్ళు నమలడానికి వీల్లేకుండా.

నువ్వు పంపిన ఆకును కల్వంలో వేసి, పొగలు కక్కే చల్లటి ద్రవం పోసి పిండిలా నూరుతాం. అందులోంచి డీఎన్ఏ తీస్తాం. డీఎన్ఏలో ఫలానా చోటును వెతికి పట్టుకునే చిన్న ముక్కలు మా దగ్గర ఉన్నాయి, మార్కర్లంటాం. అవి పట్టుకున్నదాన్ని జెల్ అనే మెత్తటి పలక మీద పరిగెత్తిస్తే దీపం కింద గీతలు కనబడతాయి, నిచ్చెన మెట్లలా. ఒక్కో మొక్కకి ఒక్కో నిచ్చెన. నేను పన్నెండు మార్కర్లు వాడాను. పన్నెండిట్లోనూ గీతలు కలిశాయంటే అవి రెండు మొక్కలు కావు, ఒకటే.

మూడో నంబరు, పదకొండు నుంచి పదహారు దాకా ఉన్న ఆరు. ఈ ఏడూ పన్నెండు మార్కర్లలోనూ ఒకటే. ఏడూ ఒకే జాతి అని నాకూ తెలుసు. కానీ నాన్న వాటిని ఏడు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చాడు. ఎంత ఒకే జాతి అయినా ఎక్కడో ఒక గీత తేడా రావాలి. ఒక్కటి కూడా లేదు.

కాబట్టి జరిగింది ఏమిటో నేనే చెబుతాను. మూడో నంబరు పొద బావి పక్కన నీడలో ఉంటుంది. అక్కడ పీట వేసుకుని ఏడు కవర్లూ నింపేశావు. ఎండలో వరుస చివరిదాకా నడవడానికి బద్ధకం. లేదంటే నీ భర్త చెప్పి చేయించాడు. ఏడు కలిసి ఒకటైతే తోటలో రకాలు పద్దెనిమిదే. ఇరవైకి రెండు తక్కువ. లెక్క ఎంత బాగా కుదిరిందో చూడు.

నాన్న ఊరికే అనలేదు. నీ పెళ్ళయిన కొత్తలో నాకు రాసిన ఉత్తరం నా ముందే ఉంది. ‘కొత్త కోడలికి వెదురుకీ చెరుకుకీ తేడా తెలియదు. నోరు మాత్రం విప్పదు, ఈ ఇంటికి అదొక్కటే సుఖం.’ ఆ నోరు విప్పనిదే నా కొంప ముంచింది.

ఈ ఏడు పొదల ఆకులూ మళ్ళీ కొయ్యి. పక్కన బయటి మనిషిని నిలబెట్టి ప్రతి కవరు మీదా సంతకం చేయించు. నీ భర్త సంతకం నాకు అక్కర్లేదు.

నీ భర్తకు అక్క


జులై 16

వదినగారికి,

ఏడు కవర్లూ పంపుతున్నాను. ఎదురింటి టైలరమ్మ పక్కనే నిలబడి సంతకాలు చేసింది. మొదట, ‘ఆకు కోస్తే సాక్ష్యం ఎందుకమ్మా, హత్య జరిగిందా’ అంది. ఆమె టేపు మెడలో వేసుకునే వచ్చింది, మూడో నంబరు పొద చుట్టుకొలత కూడా తీసింది. కావాలంటే కవరు వెనక ఉంది.

మొదటిసారి కూడా నేను పీట వేసుకోలేదు. ప్రతి గుంట దగ్గరికీ వెళ్ళాను. ఏ నంబరు కింద ఉన్న ఆకు ఆ నంబరు కవర్లోనే పెట్టాను. ఇది నిజం వదినగారూ.

మీ తమ్ముడు చెప్పి చేయించలేదు. ఆయనకి ఈ కవర్ల సంగతి పట్టదు. ఆయన గోడౌన్ వాళ్ళ కొలతల్లో ఉన్నారు. తోట చుట్టూ సున్నంతో గీత గీసి వెళ్ళారు.

మీ మరదలు


జులై 30

మరదలికి,

మళ్ళీ అదే ఫలితం. ఏడూ ఒకటే. టైలరమ్మ సంతకం ఉంది కాబట్టి నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటున్నాను. అంతకంటే పొడుగ్గా నాచేత చెప్పించుకోవాలని చూడకు.

పెద్దాయనకి జెల్ ఫొటోలు చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ఏడు వేర్వేరు చోట్ల, ఒకదానికొకటి వందల మైళ్ళ దూరంలో, ఒకే మొక్క. వెదురు గింజ నుంచి వస్తే పిల్లలు వేర్వేరుగా ఉంటాయి. ఒకటిగా ఉన్నాయంటే ఎవరో మనుషులు, ఎప్పుడో, ఒకే దుంపను ముక్కలు చేసి మోసుకుపోయి నాటి ఉండాలి. ఈ జాతిలో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. వచ్చే నెలాఖరు సభలో ఆయనే చదువుతాడు, నా పేరు మొదట పెడతాడు. తోట సంగతి అడిగితే, ‘ఇక ఇరవై లెక్క ఎందుకు, ఈ ఏడు పొదలు చాలు, తీసుకుంటాం’ అన్నాడు.

అంటే తోట నిలిచింది. తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెబుతాను. వాడి గొంతు ఎలా మారుతుందో వినాలని ఉంది.

నువ్వు ఆకులు శుభ్రంగా పంపావు. నాన్న ఉంటే సంతోషించేవాడు.

వదిన


ఆగస్టు 6

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు ‘వదిన’ అని రాశారు. మూడేళ్ళలో మొదటిసారి. దాన్ని పెట్టెలో దాచుకుని ఊరుకుంటే తోట నిలుస్తుంది, మీకు పేరొస్తుంది, నాకూ మంచి మాట మిగులుతుంది. మూడు రోజులు అలాగే ఊరుకున్నాను. కానీ మీ పెద్దాయన సభలో చదువుతారని రాశారు కదా. అందరి ముందూ చదివాక తప్పని తేలితే, మీరు నిలబడి మాట్లాడాల్సి వస్తుంది. అందుకని చెప్పేస్తున్నాను.

ఆ దుంపను మోసుకుపోయింది ఎవరో కాదు. నేనే. మూడో నంబరు గుంట నుంచి పదకొండో నంబరు గుంట దాకా, తట్టలో పెట్టుకుని.

మొదటి నుంచీ చెబుతాను. మా పెళ్ళయిన మూడో నెలలో మామయ్యకి చూపు పోయింది. కంటి వెనక నరం చచ్చిపోయిందని, ఆపరేషన్ చేసినా రాదని డాక్టరు చెప్పాడు. మామయ్య మా ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నారు. ‘దానికి తెలిస్తే చదువు సగంలో పారేసి పరిగెత్తుకొస్తుంది. తెలియకూడదు’ అన్నారు. తరవాత నా వైపు తిరిగి, ‘నీకు నోరు లేదంటారుగా అందరూ. ఆ లేని నోరే నాక్కావాలి’ అన్నారు. అప్పుడే నోటుబుక్కు ఇచ్చి దిద్దించారు. ఆ తరవాత మీకు వచ్చిన ఉత్తరాలన్నీ ఆయన చెబితే నేను రాసినవి.

మీరు మధ్యలో ఒక్కసారి వచ్చారు, ఒక పూట. ఆ రోజు ఆయన కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా ఉంది. నేను కాఫీ ఇచ్చే వంకతో తిప్పి పెట్టాను. మీరు ఫోన్ చూసుకుంటున్నారు.

రోజూ పొద్దున్నే తోటంతా తిరిగేవారు. ఒక్కో పొద దగ్గర రేకు చిల్లులు వేలితో తడిమి నంబరు పైకి చదివేవారు. గడను అరచేత్తో రుద్ది, ఆకు చప్పుడు విని, ఇంకో పొదకి వెళ్ళేవారు. ఇరవై నాలుగు అనేదాకా టిఫిన్ ముట్టేవారు కాదు. ఆ ఏడాదే పదకొండు నుంచి పదహారు దాకా ఆరూ ఒక్కసారిగా పూశాయి. పూస్తే వెదురు చచ్చిపోతుందని నాకు టైలరమ్మ చెప్పింది. నిజంగానే ఎండిపోయాయి. మూడో నంబరు ఒక్కటే పూయలేదు.

ఆయనతో ఎలా చెప్పాలో తెలియలేదు. ఎండిన గడలు కొట్టనివ్వలేదు. మూడో నంబరు పక్కన గునపంతో తవ్వి, పిలకలున్న దుంపలు ఆరు తీసి, ఆ ఎండిన పొదల మొదట్లో నాటాను. చేతికి పాత గడ తగిలేది, చెవికి కొత్త ఆకు వినిపించేది. ఆయన పోయాక ఎండినవి మీ తమ్ముడు కొట్టేశారు. మిగిలినవి నేను నాటినవి. మీరు అడిగినప్పుడు ఏ నంబరు కింద ఉన్న ఆకు ఆ కవర్లోనే పెట్టానని రాశాను. అది నిజమే. కానీ అది సగం నిజమని నాకు తెలుసు.

తిట్టండి. సభలో మాత్రం చదవనివ్వకండి.

మీ మరదలు


ఆగస్టు 14

అమ్మాయ్,

చాలా బాగా అల్లావు. ఐదో తరగతికి ఇంత తెలివి ఎక్కువ.

తోట నిలిచిందని నేను తమ్ముడికి ఫోన్ చేసి చెప్పిన మర్నాడే నీకు ఈ కథ గుర్తొచ్చింది. ఏడు పొదల సంగతి అబద్ధమని నేను ఒప్పుకుంటే మళ్ళీ పద్దెనిమిదికి వస్తాం, సున్నం గీత లోపల పునాది తవ్వుతారు. ఎవరు లాభపడతారో చంటిపిల్ల కూడా చెబుతుంది. తమ్ముడిని అడిగాను. ‘చివర్లో నాన్నకి చూపు కొంచెం మందగించింది అక్కా’ అని నసిగాడు. మీరిద్దరూ పాఠం సరిగ్గా వల్లెవేసుకోలేదు. ఒకరు కొంచెం అంటారు, ఒకరు మొత్తం అంటారు.

నా దగ్గర నాన్న ఉత్తరాలు ముప్పై ఒకటి ఉన్నాయి. చూపు లేనివాడు తోటలో కొత్త కొమ్ము ఎన్ని అంగుళాలు లేచిందో రాస్తాడా? వాన పడ్డాక గడల రంగు ఎలా తేరిందో రాస్తాడా? నీ గురించి రాసిన మాట మొన్న నీకే ఎత్తి చూపించాను. నిన్ను నువ్వే తిట్టుకుంటూ రాశావా? ఎవరు నమ్ముతారు?

ఆయన్ని గుడ్డివాడిని చేశావు. ఆయన రాత నీదంటున్నావు. ఇక ఆయన్ని నా తండ్రి కాదని కూడా అను, పనైపోతుంది.

పెద్దాయన సభ ఈ నెల 29న. నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. చూపించను. నాకు రాయకు.

సంతకం లేదు. నీకు అది కూడా ఎక్కువ.


ఆగస్టు 21

వదినగారికి,

రాయొద్దన్నారు. ఈ ఒక్కటీ చదివి చింపెయ్యండి. కవర్లు మాత్రం చింపకండి, నలభై ఒకటి ఉన్నాయి. ఎందుకో చివర రాస్తాను.

కొత్త కొమ్ము ఎన్ని అంగుళాలో ఆయన జానతో కొలిచేవారు. గడల రంగు నన్ను అడిగేవారు. ‘పచ్చగా ఉన్నాయి’ అంటే ఒప్పుకునేవారు కాదు. ‘ఏ పచ్చ? చిలక పచ్చా, నాచు పచ్చా?’ అనేవారు. అలా నాకు రంగులు చూడటం నేర్పారు. వెదురుకీ చెరుకుకీ తేడా తెలియదన్న మాట నేనే రాశాను. ఆయన చెబుతూ ఆగి, ‘రాశావా? ఒక్క ముక్క కూడా తగ్గించకు’ అన్నారు. నేను రాస్తూ నవ్వాను. ఆ నవ్వు విని ఆయనా నవ్వారు. ఆ ఉత్తరం అడుగున కాఫీ మరక ఉంటుంది చూడండి, గ్లాసు అంచంత, సగం వలయం. అప్పుడు పడిందే. పోస్టు చేశాక ఆ ఉత్తరం నేను మళ్ళీ చూడలేదు, మీరూ నాకు చూపించలేదు.

ఇది రుజువు కోసం రాశాను. అసలు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పోయినసారి దాన్ని దాచాను.

పొదలు పూసి ఎండిన తరవాత నెలకి ఆయన మీకు ఉత్తరం చెప్పారు. మీ దగ్గర ఉన్నదాంట్లో, ‘ఇరవై నాలుగు పొదలూ బాగున్నాయి’ అని ఉంటుంది. ఆ మాట ఆయనది కాదు. ఆయన చెప్పింది ఇది, ఒక్క ముక్క తగ్గించకుండా రాస్తున్నాను:

‘అమ్మా, పదకొండు నుంచి పదహారు దాకా ఆరు పొదలూ పూసి పోయాయి. ఈ పిచ్చిది వాటి మొదట్లో మూడో నంబరు పిలకలు నాటి నాకు చెప్పడం లేదు. చేతికి తెలియకుండా పోతుందా? దాన్నేమీ అనకు. రాలిన గింజ దోసిళ్ళతో ఎత్తి బట్టల రాయి వెనక చల్లాను. నువ్వు వచ్చినప్పుడు చూసుకో.’

నా ఎదురుగా కూర్చుని, నాకే చెప్పి రాయించారు. ఇది రాస్తే చూపు సంగతి మీకు తెలిసిపోతుంది, ఒట్టు తప్పుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆయన ‘పిచ్చిది’ అన్నది మీరు చదువుతారనే సిగ్గు. పొదలన్నీ బాగున్నాయని రాసేశాను. చదివి వినిపించమన్నారు. ఆయన చెప్పిన మాటలే కాగితం చూస్తున్నట్టు పైకి అన్నాను. తల ఊపారు.

ఆ తరవాత మీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా, ‘గింజ సంగతి ఏమైనా రాసిందా?’ అని అడిగేవారు. లేదు మామయ్యా అనేదాన్ని. ‘పనిలో ఉంది’ అనేవారు. చివరి ఉత్తరం దాకా అడిగారు. మీరు మరిచిపోయారని అనుకుంటూనే పోయారు వదినగారూ. మీరు మరిచిపోలేదు. మీకు నేను చేర్చలేదు.

గింజ మొలవలేదనే అనుకున్నాను. రాయి వెనక గడ్డి లేచింది. మీ తమ్ముడు రెండుసార్లు కొడవలి పెట్టారు, మళ్ళీ లేచింది. నేను దాని మీదే చీరలు ఆరేసేదాన్ని. మొన్న ఈ ఉత్తరం చిత్తు రాస్తూ, ఆయన మాటల దాకా వచ్చి కలం పక్కన పెట్టి, ఇంటి వెనక్కి వెళ్ళాను. ఒక పరక లాగి చూశాను. మొదట్లో కణుపు ఉంది. కణుపుకి గోధుమ రంగు పొర ఉంది. మామయ్య నేర్పిన గుర్తు అదే. గడ్డికి ఉండదు.

నలభై ఒక్క మొక్కలు లెక్కపెట్టాను. ఒక్కోదాని నుంచి ఆకు పంపుతున్నాను. ఎదురింటామె సంతకం ప్రతి కవరు మీదా ఉంది.

ఆ సాయంత్రం మీ తమ్ముడు వచ్చి కొడవలి తీశారు. వద్దన్నాను. గట్టిగానే అన్నానట. ఎదురింట్లో మిషన్ ఆగింది. ఆయన కొడవలి పట్టుకుని నన్నే చూస్తూ నిలబడి, ‘ఎన్నాళ్ళు?’ అన్నారు. సెప్టెంబరు 30 దాకా అన్నాను. కొడవలి చూరులో పెట్టేశారు. రాత్రి భోజనం దగ్గర, నాన్నకి చూపు పూర్తిగా పోయిందని అక్కతో చెప్పలేకపోయానని ఆయనే అన్నారు. ఆ మాట ఆయనే మీతో చెప్పాలి. నేను చేర్చను.

మీ మరదలు


సెప్టెంబరు 19

మరదలికి,

కాఫీ మరక ఉంది.

సభలో పెద్దాయన ఏమీ చదవలేదు. ముందు రోజు వెళ్ళి ఏడు పొదల సంగతి తప్పని చెప్పాను. ఎలా తప్పని అడిగితే మా ఇంటి మనిషి నాటిందని చెప్పాను. పది మంది ముందు నన్ను నిలబెట్టి, ఆకు ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోకుండా ల్యాబుకి ఎందుకు తెచ్చావని అడిగాడు. నా పేరు మొదట పెట్టాల్సిన కాగితం ఇప్పుడు లేదు. చదువు ఇంకో ఏడాది పొడుగైంది. ఇదంతా నీ తట్టలోంచే వచ్చింది. మరిచిపోకు.

నలభై ఒక్క కవర్లూ నేనే నూరాను, ఎవరికీ ఇవ్వలేదు. పన్నెండు మార్కర్లూ నడిపాను. ఏ రెంటికీ నిచ్చెన కలవలేదు. వాటిలో తోటలో ఏ పొదకీ లేని గీతలు ఉన్నాయి. పోయిన ఆరు పొదలవే అయి ఉండాలి. పద్దెనిమిది పాతవి, నలభై ఒకటి కొత్తవి. పెద్దాయన ఫొటోలు చూసి సంస్థ వాళ్ళకి కబురు పెట్టాడు. 26న అక్కడి నుంచి ముగ్గురు వచ్చి చూస్తారు. తోట, బట్టల రాయి వెనక జాగా, రెండూ చూస్తారు. అప్పటిదాకా అక్కడ చీరలు ఆరేస్తే ఊరుకోను.

తమ్ముడు ఫోన్ చేశాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఏడ్చాడు. నేను పెట్టేశాను.

నిన్నేమీ అనొద్దని నాన్న అన్నాడట. ఆ మాట నాకు రెండేళ్ళు ఆలస్యంగా చేరింది. అప్పటికే అనాల్సినవన్నీ అనేశాను. ఏదీ వెనక్కి తీసుకోవడం లేదు.

వాళ్ళతో నేనూ వస్తున్నాను. నీతో మాట్లాడటానికి కాదు. మాట్లాడితే నువ్వు ‘ఊఁ’ అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై ఒక్క ఉత్తరాలూ నాతో తెస్తున్నాను. నేను వచ్చేలోపు కూర్చుని, వాటిలో నాన్న చెప్పి నువ్వు రాయనివన్నీ రాసిపెట్టు. ఒక్క ముక్క తగ్గించకు.

నాన్న రాతలోనే రాయి.

వదిన